మెమ్స్ అల్ట్రాసోనిక్ సెన్సర్లలో కనిపెట్టడానికి ఇంకా ఏం మిగిలింది?

మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. చెవికి వినపడని శబ్దంతో దూరం కొలిచే 40 కిలోహెర్ట్జ్ సెన్సర్‌ను బాగా చిన్నది చేసి సిలికాన్ మీదికి తెస్తే అదే మెమ్స్ (చిప్ మీద చేసే అతి చిన్న కదిలే యంత్రం) అల్ట్రాసోనిక్ సెన్సర్ అవుతుందా, అలాగైతే ఇందులో ఆవిష్కరణ అనేది ఏముంది? సీమట్ (కెపాసిటర్‌తో పనిచేసేది), పీమట్ (పీజో పదార్థంతో పనిచేసేది) అని రెండు రకాలు చెబుతున్నారు, ఏది మేలు? సెన్సర్‌లో కంపించే గుండ్రటి పొర బదులు చతురస్రాకారం పొర పెట్టి ప్రాజెక్టు చేస్తున్నాను, దానికి పేటెంట్ వస్తుందా?

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: రాదు. చతురస్రం, షడ్భుజి, దీర్ఘచతురస్రం అన్నీ ఎప్పుడో చేసేశారు. అయితే నిరుత్సాహపడకండి. ఈ రంగంలో ఆకారాన్ని మార్చి పేరు తెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఇక్కడ ఆలోచనలు చాలావరకు వందేళ్ల నాటివి. అప్పట్లో చేయలేక వదిలేసిన దాన్ని ఎలా చేయాలో కనుక్కోవడమే అసలు ఆవిష్కరణ అయింది. ఇరవై ఏళ్లకు పైగా ఈ పొరల మధ్యే బతికాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మొదట పాత కథ. 1912లో టైటానిక్ మునిగాక నీటిలో శబ్దం పంపి మంచుకొండల్ని పసిగట్టాలనే ఆలోచనలు బయల్దేరాయి. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ స్థానంలోకి జలాంతర్గాములు వచ్చాయి. ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవాన్ అనే భౌతిక శాస్త్రవేత్త, కాన్‌స్టాంటిన్ షిలోవ్‌స్కీ అనే రష్యన్ ఇంజినీరుతో కలిసి ఈ పని మొదలుపెట్టాడు. ఆయన మొదట వాడింది క్వార్ట్జ్ కాదు. సన్నటి అభ్రకం రేకుతో చేసిన కెపాసిటర్. కెపాసిటర్ పలకల మధ్య ఆకర్షణ ఉంటుంది కదా, వోల్టేజిని వేగంగా మారిస్తే ఆ పలక కంపిస్తుంది, ఆ కంపనమే శబ్దం. సూత్రం శుభ్రంగా ఉంది. చిక్కల్లా వోల్టేజి దగ్గర వచ్చింది. చాలినంత బలం రావాలంటే భయంకరమైన వోల్టేజి కావాలి. దాంతో ఆ దారి వదిలి, 1917లో క్వార్ట్జ్ ముక్కల్ని రెండు ఉక్కు పలకల మధ్య ఇరికించి పీజోఎలక్ట్రిక్ ట్రాన్స్‌డ్యూసర్ చేశాడు. క్వార్ట్జ్‌ను నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే కనుక్కున్నారు. లాంజెవాన్ దాన్ని తిప్పి వాడుకున్నాడు, వోల్టేజి ఇస్తే క్వార్ట్జ్ కంపిస్తుంది. ఆయన పరికరం పనిచేసింది కూడా దాదాపు 40 కిలోహెర్ట్జ్ దగ్గరే, అంటే మీ బల్ల మీద ఉన్న సెన్సర్ పౌనఃపున్యమే. ఆ తర్వాత ఏడెనిమిది దశాబ్దాలు అల్ట్రాసౌండ్ అంటే పీజో అనే స్థిరపడిపోయింది.

ఇప్పుడు ఆ వదిలేసిన కెపాసిటర్ దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్దాం. పెన్ను తీసుకుని లెక్క వేయండి. రెండు పలకల మధ్య విద్యుత్ క్షేత్రం మీటరుకు 10 కోట్ల వోల్టులు ఉంటే, వాటి మధ్య ఆకర్షణ చదరపు సెంటీమీటరుకు దాదాపు అర కిలో బరువంత వస్తుంది. అది శబ్దం పుట్టించడానికి పనికొచ్చే బలమే. పలకల మధ్య ఖాళీ 1 మిల్లీమీటరు అయితే ఆ క్షేత్రానికి లక్ష వోల్టులు కావాలి. ఖాళీ 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అయితే 100 వోల్టులు చాలు. 0.1 మైక్రాన్ అయితే 10 వోల్టులు. సూత్రం అదే, మారింది ఖాళీ ఒక్కటే, లక్ష వోల్టుల పని పది వోల్టులకు దిగింది.

ఇందులో ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. మామూలు గాలి మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే తెగి మెరుపు కొడుతుంది. మనం అడుగుతున్నది దానికి ముప్పై రెట్లు. పెద్ద ఖాళీలో అది కుదరని పని. కానీ మైక్రాన్ ఖాళీలో ఎలక్ట్రాన్‌కు పరుగెత్తి, నాలుగు అణువుల్ని గుద్ది, మరిన్ని ఎలక్ట్రాన్లను రాలగొట్టేంత జాగా ఉండదు. అందుకే మెరుపు అంత తేలిగ్గా పుట్టదు. లోపల శూన్యం చేస్తే ఇంకా నిశ్చింత. కాబట్టి "చిన్నది చేస్తే అంతేనా" అన్న మీ ప్రశ్నకు నా జవాబు: చిన్నది చేయడం వల్ల అదే పరికరం చిన్నగా రాలేదు, పెద్ద సైజులో సాధ్యం కాని పరికరం సాధ్యమైంది.

మధ్యలో ఒక చక్కటి మజిలీ ఉంది. 1978లో పోలరాయిడ్ కంపెనీ తన కెమెరాలో ఫోకస్ దానంతటదే కుదిరేలా సోనార్ పెట్టింది. అది కెపాసిటర్ రకమే. గాడులున్న లోహపు పలక మీద బంగారు పూత పూసిన సన్నటి ప్లాస్టిక్ రేకు బిగించి, కొన్ని వందల వోల్టులు ఇచ్చేవారు. దాదాపు 10 మీటర్ల దాకా దూరం కొలిచేది. రేకు తేలికగా ఉంటుంది కాబట్టి గాలిని బాగా ఊపగలదు. కెమెరా పాతబడినా ఆ సెన్సర్ మాత్రం చాలాకాలం రోబోల మీద బతికింది. మా తరంలో రోబో చేసిన ప్రతివాడూ ఆ టిక్ టిక్ శబ్దం విన్నవాడే.

తర్వాత 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ హాలర్, బుత్రస్ ఖురీ-యాకూబ్ ఇద్దరూ సిలికాన్ వేఫర్ (చిప్‌లు చేసే పల్చటి సిలికాన్ బిళ్ల) మీద, చిప్ తయారీ పద్ధతులతోనే కెపాసిటర్ ట్రాన్స్‌డ్యూసర్ చేసి చూపించారు. అదే సీమట్‌కు మొదలు. కింద సిలికాన్, మధ్యలో మైక్రాన్ స్థాయి ఖాళీ, పైన సన్నటి పొర, దాని మీద ఎలక్ట్రోడ్. ఒక స్థిరమైన వోల్టేజి ఇచ్చి పొరను కాస్త లోపలికి లాగి ఉంచుతారు. దాని మీద మారే వోల్టేజి కలిపితే పొర శబ్దం చేస్తుంది. బయటినుంచి శబ్దం వచ్చి పొరను కదిపితే కెపాసిటెన్స్ మారి సంకేతం వస్తుంది.

వినడానికి ఇంత సులువు. చేయడానికి కూర్చుంటే తెలుస్తుంది. ఖాళీ ఎలా వస్తుందంటే, ముందు అక్కడ ఆక్సైడ్ లాంటి తాత్కాలిక పొర వేసి, దాని మీద అసలు పొర వేసి, తర్వాత సన్నటి రంధ్రాల గుండా ఆమ్లం పంపి లోపలిదాన్ని కరిగించేస్తారు. ఆ తర్వాత నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అక్కడే ప్రాణాలు పోయేవి. నీరు ఆరుతున్నప్పుడు దాని తలతన్యత పొరను కిందికి లాగుతుంది. ఒకసారి అడుగు తగిలిందంటే ఇక లేవదు. పెద్ద వస్తువులకు బరువు ముఖ్యం, ఈ సైజులో బరువు లెక్కలోకే రాదు, ఉపరితల బలాలే రాజ్యం చేస్తాయి. పొడవు పదో వంతైతే ఘనపరిమాణం వెయ్యో వంతవుతుంది, ఉపరితలం మాత్రం వందో వంతే అవుతుంది. తడిసిన రెండు గాజు పలకల్ని విడదీయడానికి ప్రయత్నించినవాళ్లకు ఇది చేతితోనే అర్థమవుతుంది.

నేను చేసిన తొలి బ్యాచుల్లో ఒకదానిలో సగానికి పైగా పొరలు ఇలాగే అంటుకుపోయాయి. విద్యుత్ పరీక్షలో కెపాసిటెన్స్ ఎక్కువ వస్తుంటే డిజైన్ బ్రహ్మాండంగా కుదిరిందని సంబరపడ్డాం. రెండు రోజుల తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి రంగులు చూస్తే అసలు సంగతి బయటపడింది. స్వేచ్ఛగా ఉన్న పొర మీద వలయాలు వలయాలుగా రంగులు కనిపిస్తాయి. అంటుకున్నదాని మధ్యలో ఒకటే రంగు, చదునుగా. అప్పటినుంచి నేను ప్రోబ్ పెట్టడానికి ముందు కంటితో చూస్తాను. ఈ అలవాటు చాలా టెన్షన్ తప్పించింది.

దీనికి మందులు చాలా కనిపెట్టారు. నీటికి బదులు కార్బన్ డయాక్సైడ్‌ను ద్రవమూ వాయువూ కాని స్థితికి తెచ్చి, తలతన్యతే లేకుండా ఆరబెట్టడం ఒకటి. తడి ఆమ్లం బదులు ఆమ్లపు ఆవిరి వాడటం ఇంకొకటి. నాకు అన్నిటికన్నా నచ్చింది 2003లో ఖురీ-యాకూబ్ బృందం ప్రచురించిన పద్ధతి. ఖాళీ కోసం లోపలిది కరిగించడం ఎందుకు? ఒక వేఫర్ మీద ముందే గుంతలు తవ్వి, ఇంకో వేఫర్‌ను శూన్యంలో దాని మీద మూతలా అతికించి, పైనున్న అనవసరమైన మందమంతా తీసేస్తే మిగిలిన పల్చటి సిలికానే పొర. తడి లేదు, ఆరబెట్టడం లేదు. పైగా ఆ పొర ఒకే స్ఫటికం కాబట్టి మందం, బిగువు అంతటా సమానంగా ఉంటాయి. పరికరం సూత్రంలో ఒక్క అక్షరం మారలేదు, కానీ ఇది నా దృష్టిలో ఈ రంగంలోని పెద్ద ఆవిష్కరణల్లో ఒకటి.

సీమట్‌కు ఇంకో రెండు జబ్బులున్నాయి. పొర ఖాళీలో మూడో వంతు దాటి లోపలికి వచ్చిందంటే స్ప్రింగు బలం ఓడిపోయి, పొర ఠక్కున అడుగుకు పడిపోతుంది. ఇది కెపాసిటర్ లెక్కలోనే ఉన్న గుణం, ఎంత మంచి ఫ్యాబ్‌లో (చిప్‌ల ఫ్యాక్టరీలో) చేసినా పోదు. అందుకే వోల్టేజిని ఆ అంచుకు దగ్గరగా, కానీ దాటకుండా నిలపాలి. దగ్గరగా ఉంటేనే సున్నితత్వం. రెండోది, నెలల తరబడి వోల్టేజి పెట్టి ఉంచితే మధ్యలోని ఇన్సులేటర్‌లో విద్యుదావేశం చిక్కుకుని, ఆ అంచే నెమ్మదిగా జరిగిపోతుంది. ల్యాబ్‌లో పేపర్ రాసేవాళ్లకు ఇది కనిపించదు, సరుకు అమ్మేవాళ్లకు నిద్ర పట్టనివ్వదు.

ఇక పీజో వైపు వద్దాం. ఇక్కడ ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి శబ్దం ఎంత దాటుతుందనేది వాటి అకౌస్టిక్ ఇంపీడెన్స్‌ల మీద ఆధారపడి ఉంటుంది. సాంద్రతను శబ్ద వేగంతో హెచ్చిస్తే వచ్చేదే ఇది. పీజడ్‌టీ అనే పీజో పింగాణీకి అది దాదాపు 3 కోట్లు, నీటికి, శరీరానికి 15 లక్షలు, గాలికి సుమారు 400. ఆ తేడాతో పీజడ్‌టీ దిమ్మెనుంచి నేరుగా గాలిలోకి దాటే శక్తి లక్షకు అయిదారు వంతులు. నీటిలోకైతే వందకు 18 దాకా దాటుతుంది. స్కానింగ్‌కు ముందు జెల్ రాసేది ఇందుకే, మధ్యలో గాలి పొర ఉంటే శబ్దం అక్కడే వెనక్కి తిరిగిపోతుంది.

అందుకని గాలిలో పనిచేసే పీజో ఏదీ దిమ్మెలా సాగుతూ, ముడుచుకుంటూ పనిచేయదు, వంగుతూ పనిచేస్తుంది. మీ బల్ల మీది 40 కిలోహెర్ట్జ్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 మీదున్న అల్యూమినియం డబ్బా ఒకటి పాడైతే దాచుకుని మూత తీసి చూడండి. పీజో బిళ్ల ఒక పల్చటి రేకుకు అతికించి ఉంటుంది, మీద చిన్న గరాటు. బిళ్ల సాగాలని చూస్తుంది, రేకు సాగనివ్వదు, దాంతో రెండూ కలిసి వంగుతాయి. పీమట్ అంటే ఇదే పని కొన్ని మైక్రాన్ల మందంలో. సిలికాన్ పొర మీద పల్చగా పీజో పొర, పైనా కిందా ఎలక్ట్రోడ్లు. పొర ఎంత పల్చనైతే గాలితో అంత స్నేహంగా కదులుతుంది. పెద్ద వోల్టేజి పెట్టి ఉంచాల్సిన పనీ లేదు. సీమట్‌తో పోలిస్తే ఇదొక పెద్ద హాయి.

అయితే పీజోగా ఏం వాడాలి? పీజడ్‌టీ బలమైనది, కానీ దానిలో సీసం ఉంది. చిప్‌లు చేసే చాలా ఫ్యాబ్‌లు సీసాన్ని గుమ్మం దాటనివ్వవు, యంత్రాలకు అంటితే తర్వాత వచ్చే చిప్‌లన్నీ చెడతాయి. అల్యూమినియం నైట్రైడ్ ఆ బాధ లేనిది, ఫోన్లలో రేడియో ఫిల్టర్ల కోసం అప్పటికే కోట్ల సంఖ్యలో చేస్తున్నది. దాని పీజో బలం పీజడ్‌టీతో పోలిస్తే చాలా తక్కువ. మరి ఎలా పనికొచ్చింది? ఇక్కడ ఒక తమాషా ఉంది. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం దాదాపు 10, పీజడ్‌టీది వందల నుంచి వేలల్లో. శబ్దం వచ్చి తాకినప్పుడు పుట్టే ఆవేశం తక్కువే అయినా, దాన్ని నింపుకునే కెపాసిటెన్స్ కూడా తక్కువ కాబట్టి వోల్టేజి బాగానే వస్తుంది. అంటే గొంతు చిన్నది, చెవి మాత్రం మంచిది. నోరు, చెవి రెండూ ఒక్కటే అయిన పరికరంలో ఇది గౌరవప్రదమైన రాజీ.

2009లో జపాన్‌లో మొరితో అకియామా బృందం ఈ అల్యూమినియం నైట్రైడ్‌లో స్కాండియం కలుపుతూ పోతే, దాదాపు 43 శాతం దగ్గర పీజో బలం అయిదు రెట్లు అయిందని చూపించింది. అక్కడితో ఆపకుండా ఇంకా కలిపితే స్ఫటిక నిర్మాణమే మారిపోయి బలమంతా పడిపోతుంది. అంటే కొండ అంచున మేత మేస్తున్నట్టు. ఆ అంచు దగ్గర, వేఫర్ అంతటా ఒకే పాళ్లలో, పగుళ్లు లేకుండా పొర వేయడం ఎలాగన్నదే ఇప్పటికీ చాలామంది జీతాలు తీసుకుంటున్న పని.

మీరు చతురస్రపు పొర గురించి అడిగారు కాబట్టి తయారీ లెక్క ఒకటి చెప్పాలి. వంగే పొర సహజ పౌనఃపున్యం మందాన్ని బట్టి పెరుగుతుంది, వెడల్పు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. మందంలో 1 శాతం తప్పు జరిగితే పౌనఃపున్యంలో 1 శాతం తప్పు, వెడల్పులో 1 శాతం తప్పైతే 2 శాతం. ఇప్పుడు పొరను వేఫర్ వెనకవైపునుంచి లోతుగా తవ్వి విడిపిస్తున్నారనుకుందాం. నిట్టనిలువుగా తవ్వే పద్ధతిని బాష్ కంపెనీలో ఫ్రాంజ్ లెర్మర్, ఆండ్రియా షిల్ప్ 1990లలో కనిపెట్టారు. కాసేపు తవ్వడం, కాసేపు గోడలకు రక్షణ పూత వేయడం, మళ్లీ తవ్వడం. ఈ పద్ధతి లేకపోతే ఇవాళ మెమ్స్ పరిశ్రమలో సగం ఉండేది కాదు. అయినా గోడ 1 డిగ్రీ వాలిందనుకోండి. 400 మైక్రాన్ల మందమున్న వేఫర్‌లో అడుగుకు చేరేసరికి ఒక్కోవైపు 7 మైక్రాన్లు జరుగుతుంది. పొర వ్యాసార్ధం 200 మైక్రాన్లైతే అది 3.5 శాతం తప్పు, పౌనఃపున్యంలో 7 శాతం. గాలిలో ఈ పొరలు పలికే బ్యాండ్ అసలే సన్నం, కొద్ది శాతం మాత్రమే. అంటే ఒక చిప్ పాడే రాగం పక్క చిప్‌కు వినపడనే వినపడదు. మీ చతురస్రంలో అంచుల నడిమి భాగాల దగ్గర బిగువు పోగుపడటం అదనపు తలనొప్పి. ఒకే పొర పంపి, అదే వినేలా చేయడం ఈ బాధకు ఒక విరుగుడు, తన రాగానికి తానెప్పుడూ సరిపోతుంది. బయటనుంచి తవ్వకుండా ముందే గుంతలు చేసిన వేఫర్లతో మొదలుపెట్టడం ఇంకొకటి.

ఒకే పొర పలికి, అదే వింటే వచ్చే కొత్త చిక్కు గంట మోగడం. పలకడం ఆపినా పొర కాసేపు ఊగుతూనే ఉంటుంది. 175 కిలోహెర్ట్జ్, క్యూ విలువ (ఊపు ఎంత నెమ్మదిగా చస్తుందో చెప్పే అంకె) 30 అనుకుంటే ఊపు వెయ్యో వంతుకు పడటానికి దాదాపు 380 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లోపల శబ్దం పోను రాను కలిపి 13 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే దాదాపు 6.5 సెంటీమీటర్ల లోపు వస్తువు ప్రతిధ్వని ఈ మోతలో కలిసిపోతుంది. మీ హెచ్‌సీ-ఎస్‌ఆర్04కు రెండు కళ్లు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. 40 కిలోహెర్ట్జ్‌లో ఈ మోత ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, అందుకే పలికేది ఒకటి, వినేది ఒకటి.

టీడీకే 2018లో కొన్న చిర్ప్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ చేసిన సీహెచ్-101 చిప్ చూడండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ, డేవిస్ క్యాంపస్‌ల పరిశోధననుంచి పుట్టిన కంపెనీ అది. చిప్ కొలత 3.5 మిల్లీమీటర్లు, పౌనఃపున్యం 175 కిలోహెర్ట్జ్, కొలిచేది 4 సెంటీమీటర్లనుంచి 1.2 మీటర్ల దాకా. పొర ఒక్కటే ఉన్నా 4 సెంటీమీటర్ల దాకా రాగలిగారంటే ఆ గొప్ప పొరది మాత్రమే కాదు, పక్కనే ఉన్న సర్క్యూట్‌ది, లెక్కలు చేసే ప్రోగ్రాముది కూడా. ఎదురుగా ఏమీ లేనప్పుడు వచ్చే మోతను గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చిన ప్రతి సంకేతంలోంచి దాన్ని తీసేయడం లాంటి ఉపాయాలు ఈ రంగంలో మామూలే.

సరే, సీమట్టా, పీమట్టా? గాలిలో దూరం కొలవడానికి, బ్యాటరీతో నడిచే వాటికి నేను పీమట్ వైపే ఉంటాను. శరీరం లోపల చూడటానికి సీమట్‌కు ఒక వరం ఉంది. పొర పల్చన, నీరు బరువు. నీరు తగిలితే పొర తన సొంత రాగం మరిచి నీటితో కలిసి ఊగుతుంది, దాంతో బ్యాండ్ చాలా వెడల్పవుతుంది. మామూలు పీజో ప్రోబుల్లో గుండెకు ఒకటి, కడుపుకు ఒకటి, చర్మం కింది నరాలకు ఒకటి కావాలి. పింగాణీని రంపంతో సన్నటి పుల్లలుగా కోసి, ఒక్కోదానికి తీగ అతికిస్తారు కాబట్టి ధర కూడా అలాగే ఉంటుంది. జొనాథన్ రోత్‌బర్గ్ స్థాపించిన బటర్‌ఫ్లై నెట్‌వర్క్ కంపెనీ, దాదాపు 9,000 సీమట్లను ఒకే చిప్ మీద పెట్టి, ఫోనుకు తగిలించే ఒకే ప్రోబ్‌తో ఒళ్లంతా చూడొచ్చని 2017లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి తెచ్చుకుంది. ధర 2,000 డాలర్ల లోపు పెట్టింది. పీజో ప్రోబ్ చిత్రం ఇంకా నాణ్యంగా ఉంటుందనే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ నిజముంది. కానీ 9,000 పుల్లల్ని రంపంతో కోసి తీగలు అతికించడం ఎవరి తరం?

ఫోన్లలో వేలిముద్రకు వాడే అల్ట్రాసోనిక్ సెన్సర్ గురించి కూడా కొందరు మెమ్స్ అనే రాస్తున్నారు. 2019లో గెలాక్సీ ఎస్10లో వచ్చిన క్వాల్‌కామ్ సెన్సర్ పీజో గుణమున్న ప్లాస్టిక్ పొరతో చేసింది, వంగే సిలికాన్ పొర కాదు. దగ్గరి చుట్టమే, ఇంటిపేరు వేరు.

ఇప్పుడు కనిపెట్టడానికి ఏం మిగిలిందన్న అసలు ప్రశ్న. నా మట్టుకు అన్నిటికన్నా తక్కువ పని జరిగింది ప్యాకేజింగ్‌లో. చిప్‌ను డబ్బాలో పెట్టి, ముందు చిన్న గొట్టం, దుమ్ము రాకుండా జాలీ పెడతారు. ఆ గొట్టం, లోపలి గాలి కలిసి సీసా మూతి మీద ఊదినప్పటి లాంటి సొంత రాగం ఒకటి పాడతాయి. ఒకసారి మేం ఆరు నెలలు పొరను సరిచేసుకుంటూ కూర్చున్నాం, చివరికి తేలింది ఏమిటంటే తప్పంతా ప్లాస్టిక్ డబ్బా చేసినవాళ్లు గొట్టాన్ని అర మిల్లీమీటరు పొడుగు చేయడంలో ఉంది. వాళ్లనీ అనడానికి లేదు, డ్రాయింగ్‌లో ఆ కొలతకు ఎంత తేడా సహిస్తామో మేం రాయలేదు. వాన చినుకు జాలీకి పట్టినా బెదరని, లోపలికి దుమ్ము పోనివ్వని, శబ్దాన్ని మాత్రం దాటనిచ్చే ముఖద్వారం ఎవరైనా చవగ్గా చేస్తే అది నిజమైన పేటెంటే.

మూసిన గుంతల సంగతీ తేలిక కాదు. 2018లో ఒక ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రం నుంచి హీలియం లీకై, చుట్టుపక్కల ఉన్న ఐఫోన్లు ఆగిపోయాయి. హీలియం అణువు ఎంత చిన్నదంటే మూసిన మెమ్స్ గుంతలోకి గోడల గుండా దూరి, లోపల గడియారంలా ఊగే సిలికాన్‌ను ఆపేసింది. గాలి పట్టించాక కొన్ని రోజులకు చాలా ఫోన్లు వాటంతటవే కోలుకున్నాయి. శూన్యం కావాలనుకునే సీమట్‌వాళ్లంతా ఆ వార్త రెండుసార్లు చదివి ఉంటారు.

మిగిలినది ఉష్ణోగ్రత. గాలిలో శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, ప్రతి డిగ్రీకి 0.6 మీటరు పెరుగుతుంది. 10 డిగ్రీల మార్పుకు మీటరు దూరంలో దాదాపు 1.8 సెంటీమీటర్ల తప్పు. దాన్ని థర్మామీటరుతో సరిచేయొచ్చు, కానీ చిప్ వేడి, గాలి వేడి ఒకటి కాదు. సెన్సర్ తన ప్రతిధ్వనులనుంచే గాలి వేడిని తెలుసుకోగలిగితే బాగుంటుంది. ఈ దిక్కున పని ఉంది, పోటీ కూడా ఉంది.

పేటెంట్ గురించి ఒక్క హెచ్చరిక. మీ ప్రాజెక్టును కాలేజీ వెబ్‌సైట్లోనో, కాన్ఫరెన్సులోనో ముందే పెట్టేస్తే చాలా దేశాల్లో హక్కు పోతుంది. అమెరికాలో ఏడాది గడువు ఇస్తారు, అందరూ అలా ఇవ్వరు. పేటెంట్ వెతికేటప్పుడు పరికరం పేరుతో కాకుండా తయారీ దశల పేర్లతో వెతకండి, ఈ రంగంలో విలువైనవి ఎక్కువగా అక్కడే దాక్కుని ఉంటాయి.

మీ చతురస్రపు పొరను మాత్రం పారేయకండి. ఒకే వేఫర్ మీద గుండ్రటివి, చతురస్రాలవి పక్కపక్కనే పది పది చేయించండి. ఒక్కోదాని రెజొనెన్స్ (సహజ పౌనఃపున్యం) ఎక్కడుంది, క్యూ ఎంత, మోత ఎన్ని మైక్రోసెకన్లకు ఆగుతోంది, ఈ మూడే కొలవండి. సగటు తర్వాత, ముందు ఆ పదింటి మధ్య తేడా ఎంతో చూడండి. చతురస్రాల మధ్య తేడా గుండ్రటివాటికన్నా తక్కువ వస్తే నాకు ఆశ్చర్యమే, అప్పుడు మీ తవ్వకంలో ఏదో విశేషం ఉన్నట్టు. ఆ ఇరవై గ్రాఫులూ ఇక్కడే పెట్టండి, మైక్రోస్కోపు ఫొటోలతో సహా. చూసి చెబుతాను.